నీటివాహనమున ఇంజను చెడినచో: ఒక చిన్న చరిత్ర

మోటారు సైకిలుపై కూర్చున్నట్లు కూర్చుండి అలలమీద పరుగెత్తు చిన్న వాహనమును నేడు అనేక విహార స్థలములలో చూచుచున్నాము. దానిని జనులు జెట్ స్కీ అని పిలుచుచున్నారు. ఒడ్డున నిలిచి చూచువారికి అది వేడుక. తీరమునకు పావుమైలు దూరమున ఇంజను ఆగిపోయినప్పుడు దానిమీద నున్నవానికి మాత్రము అది వేడుక కాదు. ఇట్టి వాహనమును అద్దెకు త్రిప్పి కుటుంబమును పోషించుకొనువానికి ఆ నష్టము ఒక్కనాటి రాబడితో తీరదు. ఒక్కొక్కప్పుడు మరమ్మతు ఖర్చు పాత వాహనపు వెలనే మించును. ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. నీటికిని లోహమునకును గల వైరము మిక్కిలి పాతది. దానిని మానవుడు ఎట్లు ఎదుర్కొనెనో, అందులకు ఏమి మూల్యము చెల్లించెనో కొంచెము విచారింతము.

మొదట 1824వ సంవత్సరమునకు పోవుదము. అప్పటి బ్రిటిష్ నౌకాదళపు కొయ్య ఓడల అడుగు భాగమునకు రాగి రేకులు తాపడము చేసెడివారు. ఉప్పునీరు ఆ రాగిని తినివేయుచుండెను. సర్ హంఫ్రీ డేవీ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరిశోధించెను. రాగికి తగులునట్లు ఇనుప ముక్కను గాని తుత్తునాగపు ముక్కను గాని బిగించినచో, ఉప్పునీరు ఆ ముక్కను తిని రాగిని విడిచిపెట్టునని ఆయన రాయల్ సొసైటీకి నివేదించెను. ఊహ నిజమైనది, రాగి నిలిచినది. కాని వేరొక చిక్కు పుట్టెను. రాగి కొంచెము కొంచెముగా కరుగుచుండుటచేతనే ఓడ అడుగున నాచును గుల్లలును పట్టకుండెను. కరుగుట మానగానే అవి విస్తారముగా పెరిగి ఓడల వేగమును తగ్గించెను. నౌకాదళము ఆ పద్ధతిని విడిచెను. డేవీ సూత్రము మాత్రము నిలిచినది. నేటికిని ఇనుప ఓడలకును పడవ మోటారులకును తుత్తునాగపు బిళ్ళలు బిగించుచున్నారు. అవి నీటికి ఆహారమగుటకే ఉన్నవి. మన ఇండ్లలోని ఫ్యూజు తీగ తాను కాలిపోయి ఇంటిని కాపాడును గదా! ఇదియు నట్టిదే.

ఆ తరువాతి ఘట్టము 1909. నార్వే నుండి అమెరికాకు వలసవచ్చిన ఓలే ఎవిన్ రూడ్ అను యంత్రకారుడు మిల్వాకీ నగరమున, పడవ వెనుక తగిలించి తీసివేయుటకు వీలైన చిన్న మోటారును ఆ సంవత్సరము అమ్మకమునకు పెట్టెను. దాని శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. అయినను అందొక గొప్ప సౌకర్యము కలదు. మోటారు చెడినచో పడవనంతయు లాగుకొని పోనక్కరలేదు. మోటారును మాత్రము విప్పి భుజాన వేసికొని మేస్త్రీ వద్దకు పోవచ్చును. ఇట్టి మోటారులలో ప్రొపెల్లరును ఇరుసుతో కలుపుటకు మెత్తని లోహపు మేకునొకదానిని వాడుట పరిపాటి అయ్యెను. ప్రొపెల్లరు రాతికి తగిలినప్పుడు ఆ మేకు తెగును. లోపలి పండ్లచక్రములు క్షేమముగా నుండును. తెలివిగల పడవవాడు అట్టి మేకులు రెండు మూడు ఎల్లప్పుడు జేబులో నుంచుకొనును.

న్యూజీలాండు దక్షిణ ద్వీపమున నదులు గులకరాళ్లపై పాయలు పాయలుగా ప్రవహించును. లోతు చాలదు. అచ్చట ప్రొపెల్లరు నిలువదు. పశుపోషణ చేసికొనుచుండిన విలియం హామిల్టన్ 1950 దశకపు ప్రథమార్ధమున, నీటిని అడుగునుండి పీల్చి వెనుకకు చిమ్ముటచే ముందునకు సాగు పడవను నిర్మించెను. 1960లో ఆయన పడవలు అమెరికాలోని కొలరాడో నదికి ఎదురెక్కినవి. రాతి దెబ్బ తినుటకు ఇక బయట ప్రొపెల్లరు లేదు. కాని బాధ తొలగలేదు, చోటు మారినది. పంపు నీటితోపాటు ఇసుకను, గులకరాళ్లను, త్రాటి ముక్కలను గూడ పీల్చును. లోపల తిరుగు ఇంపెల్లరు అంచులు అరిగిన కొలది ఇంజను గర్జించునే గాని వాహనము కదలదు. అందుచేతనే నేటి జెట్ స్కీలు కొన్నింటిలో ఇంపెల్లరు చుట్టును ప్లాస్టిక్ కడియ మొకటి అమర్చుచున్నారు. అరుగవలసినది అదియే; మార్చవలసినదియు అదియే.

మోటారు సైకిలు పందెములయందు ఆసక్తిగల క్లేటన్ జేకబ్ సన్ అను అమెరికన్ 1960 దశకమున ఈ జెట్ పద్ధతిని ఒంటరి మనిషి వాహనమునకు పట్టించెను. కెనడాలోని బొంబార్డియర్ సంస్థ 1968లో ‘సీ డూ’ను తెచ్చెను. గాలిచే చల్లబడు ఇంజనుగల ఆ వాహనము కొద్ది యేండ్లకే నిలిచిపోయెను. మరల 1988లోగాని రాలేదు. ఈలోగా జపాను దేశపు కావసాకీ సంస్థ 1970 దశకపు తొలినాళ్ళలో, నీటిచే చల్లబడు రెండు సిలిండరుల ఇంజనుతో జెట్ స్కీని విడుదల చేసెను. ఆ పేరే నేడు జాతి పేరైనది.

ఈ ఇంజనును చల్లబరచు నీరు పంపునుండియే వచ్చును. ఉప్పును బురదయు దారులను పూడ్చినచో ఇంజను కాగిపోవును. అందుకే పని ముగిసిన పిదప మంచినీటితో కడుగవలెను. బయటి నీటితోనే చల్లబడు ఇంజనులకు ఇందొక క్రమము కలదు. మొదట ఇంజను నడిపి తరువాత కుళాయి విప్పవలెను. ముగించునప్పుడు మొదట కుళాయి కట్టి తరువాత ఇంజను ఆపవలెను. క్రమము తప్పినచో నీరు పొగగొట్టము గుండ సిలిండరులలోనికి పోవును. అట్లు పోయిన నీటిని వెంటనే వెడలగొట్టి నూనె పట్టింపకున్న బేరింగులు త్రుప్పుపట్టుట ప్రారంభించును. పావుగంట పని తప్పించుకొనగోరినవాడు క్రాంకు షాఫ్టునకు వెల చెల్లించును. ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుదీయరాదు గదా!

1990 దశకమున ఇంకొక మార్పు వచ్చెను. కార్బురేటరుగల పాత రెండు స్ట్రోకుల ఇంజనులు తాము త్రాగిన పెట్రోలులో సుమారు నాలుగవ వంతు దాక కాల్చకయే నీటిలోనికి విడుచును. అమెరికా ప్రభుత్వము 1996లో ఇట్టి ఇంజనుల పొగకు హద్దులు నిర్ణయించెను. టాహో సరస్సున 1999లో అట్టి పాత ఇంజనులను నిషేధించిరి. 2002 నాటికి నాలుగు స్ట్రోకుల జెట్ స్కీలు బజారునకు వచ్చెను. ధ్వని తగ్గెను, నీరు కొంత శుభ్రపడెను. కాని ఇంజనుతోపాటు కంప్యూటరు పెట్టెలును వచ్చుటచేత, ఒడ్డున కూర్చుండి రెంచితో చేసికొను మరమ్మతు తగ్గి, పనిముట్లుగల కర్మాగారమునకు చెల్లించు సొమ్ము పెరిగెను.

ఇప్పుడు మన అద్దెవాని సంగతికి వత్తము. అతని పాత రెండు స్ట్రోకుల ఇంజను బిగిసిపోయినది. మేస్త్రీ పిస్టనులు మార్చవలెననెను. మార్చినారు. పదిరోజులలో మరల బిగిసెను. ఏల? పాతబడిన రబ్బరు గొట్టమునుండి రాలిన పొడి కార్బురేటరు రంధ్రమును పూడ్చినది. పెట్రోలుతో కలిసి పోవలసిన నూనెయు దానితో తగ్గెను, పిస్టను కాలెను. గొట్టపు వెల స్వల్పము. దానిని చూడకుండుటచే రెండు పర్యాయములు పిస్టనులకు ఖర్చయినది. డేవీ నుండి నేటివరకు ఈ చరిత్ర బోధించునది ఇంతే. ఇంజను చెడినప్పుడు ఎంత అగునని అడుగుటకు ముందు ఏల చెడెనని అడుగవలెను. కారణము కనుగొనక చేయించిన మరమ్మతు రెండవ మరమ్మతునకు ఇచ్చిన బయానా వంటిది. కారణము తెలిసిన పిదపనే వాహనమును బాగుచేయించుటయో, మానుటయో నిర్ణయించుకొనుట లాభకరము.