ప్లమ్ ఐలండ్‌లో ఏడో రోజు

న్యూయార్క్ రాష్ట్రం, లాంగ్ ఐలండ్ తూర్పు కొస. 2000 దశకం మొదటి సగం. ఓరియంట్ పాయింట్‌లో ఫెర్రీ ఎక్కి ప్లమ్ ఐలండ్‌లో దిగుతున్నారు. 1954లో ఇక్కడ పశువ్యాధుల పరిశోధన కేంద్రం తెరిచారు. బతికున్న గాలికుంటు వైరస్‌ను అమెరికా ప్రధాన భూభాగం మీద ఉంచడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే ఈ దీవి.

ఒంటి మీది బట్టలన్నీ విప్పి లోపల ఇచ్చినవి తొడుక్కోవాలి. బయటికొచ్చేటప్పుడు తలస్నానం తప్పదు. లోపలికి వెళ్లిన పశువు మాత్రం మళ్లీ ప్రాణాలతో బయటికి రాదు.

కొట్టంలో కొన్ని పశువులకు వారం కిందట కొత్త టీకా ఒక్క సూది వేశారు. కొన్నింటికి వేయలేదు. ఈ రోజు అన్నిటికీ పరీక్ష: నాలుక బయటికి లాగి, సన్నని సూదితో బతికున్న వైరస్‌నే ఎక్కిస్తున్నారు.

టీకాలో ఆ వైరస్ లేదు. ఇక్కడి శాస్త్రవేత్త మార్విన్ గ్రబ్‌మన్ బృందం మనుషుల అడినోవైరస్‌ను తీసుకుని, అది ఒంట్లో పెరగకుండా కీలకమైన జన్యువు తొలగించింది. అందులో గాలికుంటు వైరస్ పైతొడుగు జన్యువులను, ఆ ప్రొటీన్‌ను సరైన చోట్ల ముక్కలు చేసే ఎంజైము జన్యువును పెట్టింది. ఇక తొడుగులు తయారుచేసేది పశువు కణాలే. పైకి వడ్లగింజే, లోపల బియ్యం లేని తాలు. ఒంటికి శత్రువు రూపం తెలుస్తుంది, రోగం మాత్రం రాదు.

పాత పద్ధతిలో ట్యాంకుల నిండా అసలు వైరస్‌నే పెంచి, తర్వాత రసాయనంతో చంపుతారు. ఎక్కడ కారినా ముప్పే. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లో అదే జరిగింది. పిర్‌బ్రైట్‌లోని టీకా, పరిశోధన సంస్థల ఆవరణ నుంచి, పాడైన డ్రైనేజీ గుండా బయటపడ్డ వైరస్ సర్రే పొలాల్లోని పశువులకు సోకింది. నన్నడిగితే తాలు టీకా అసలు గొప్పతనం ఇక్కడే ఉంది.

కొన్ని రోజులు గడిచాయి. టీకా పడని ఆవు నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. గిట్టల సందులో పొక్కు చితికి ఎర్రటి మాంసం కనిపిస్తోంది. నేల మీద కాలు ఆనించలేక మార్చి మార్చి ఎత్తుతోంది. గాలికుంటు ముదురు పశువును చాలావరకు చంపదు, పాలు ఎండగడుతుంది, ఎద్దును కాడికి పనికిరాకుండా చేస్తుంది. లేతదూడనైతే గుండె దెబ్బతీసి ఉన్నపళంగా కూల్చేస్తుంది. అది చూసిన రైతుకు ఈ కొట్టంలో ఏం వెతుకుతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పక్కనే టీకా పడ్డ ఆవు. కాలెత్తి గిట్టల మధ్య వేలుపెట్టి చూస్తున్నారు. చర్మం పొడిగా, నున్నగా ఉంది. పొక్కు లేదు. అది మేత మేస్తోంది.

2012లో ఈ టీకాకు అమెరికా షరతులతో లైసెన్సు ఇచ్చింది. అసలు వైరస్‌తో పనిలేదు కాబట్టి ప్రధాన భూభాగం మీదే తయారుచేయొచ్చు. అయితే అది ‘ఏ’ సీరోటైపులోని ‘ఏ24’ రకానికి మాత్రమే. గాలికుంటులో ఏడు సీరోటైపులున్నాయి, ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు. మన దేశంలో ఎక్కువగా విరుచుకుపడే ‘ఓ’ రకానికి దాని తొడుగు జన్యువులతోనే వేరే టీకా కావాలి.