వేదము, విట్, వీడియో

ఆంగ్లంలో 'విట్' అనగా బుద్ధిచాతుర్యం, 'వైజ్' అనగా వివేకి. 'వీడియో'కు మూలం, చూచుట అనే అర్థం గల లాటిన్ క్రియ 'విదేరె'. 'హిస్టరీ'కి మూలమైన గ్రీకు పదం 'హిస్టోర్'కు ఎరిగినవాడు, సాక్షి అని అర్థాలు. ఇవన్నీ మన వేద, విద్యా శబ్దాలకు చుట్టాలే. వీటన్నిటికీ మూలధాతువు 'వెయ్ద్' అని భాషావేత్తలు ఊహించారు. ఏ శాసనంలోనూ కనబడని రూపం గనుక దానికి ముందు నక్షత్రపు గుర్తు ఉంచుతారు. చూచుట, తెలియుట అనే రెండర్థాలూ ఆ ధాతువులోనే ఉన్నాయి.

చుట్టరికానికి ధ్వనిసామ్యం ఒక్కటే చాలదు, నియమం కావాలి. సంస్కృత, లాటిన్ భాషలలో దకారమున్నచోట ఆంగ్లంలో టకారం వస్తుందని యాకబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం చెబుతుంది. ద్వి-టూ, దశ-టెన్, దంత-టూత్ ఇందుకు ఉదాహరణలు. విద్-విట్ కూడా అంతే. 'వీడియో' మాత్రం లాటిన్ నుండి తరువాత తెచ్చుకొన్న మాట గనుక ఈ మార్పు పొందలేదు. మన వ్యాకరణాలలోని తత్సమ, తద్భవ విభాగం తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

అయితే సంస్కృతమే ఆంగ్లానికి తల్లి అనరాదు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుండి పుట్టాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పారు. అనగా అవి అక్కచెల్లెళ్ళు. తెలుగు ఆ ఇంటి బిడ్డ కాదు. క్యాంబెల్ తెలుగు వ్యాకరణంలో 1816లో వెలువడిన వ్యాసంలో ఎల్లిస్ ఈ సంగతి నిరూపించారు. 'విద్య' మనకు అరువు. 'ఎరుక', 'తెలివి' మన సొంతం. పుట్టుక వేరు, అరువు వేరు అని బడిపిల్లలకు విడమరచి చెప్పడం భాషోపాధ్యాయుల ధర్మం.