కంపన జాకెట్

ఛాతీ గోడను వేగంగా కంపింపజేసి ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫాన్ని కదిలించే తొడుగు. దీన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్, బ్రాంకియెక్టాసిస్ రోగులు ఎక్కువగా వాడతారు. ఇది రాకముందు ఇంట్లోవాళ్లో ఫిజియోథెరపిస్టో వీపు, ఛాతీ చేత్తో తట్టేవారు. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో వారెన్ వార్విక్, లీలాండ్ హాన్సెన్ 1980లలో గాలి నింపే జాకెట్ తయారుచేశాక, రోగి ఎవరి సాయమూ లేకుండా చికిత్స చేసుకోగలిగాడు.

ఈ రకంలో పంపు నుంచి గొట్టాల ద్వారా గాలి తెరలు తెరలుగా వస్తుంది. ఛాతీ సెకనుకు సుమారు 5 నుంచి 20 సార్లు నొక్కుకుని వదులవుతుంది. మధ్యమధ్యలో ఆపి, దగ్గి కఫం బయటికి తీయాలి. ఒక్కో విడత 20–30 నిమిషాలు, సాధారణంగా రోజుకు రెండు విడతలు, ఏళ్ల తరబడి. బడికి వెళ్లే పిల్లలకు ఇది పెద్ద భారం. ఒరుసుకునే జాకెట్ కొన్నాళ్లకే మూలన పడుతుంది, కాబట్టి రూపకల్పనలో సౌకర్యానికే పెద్దపీట వేయాలి.

అఫ్లోవెస్ట్ వంటి బ్యాటరీ జాకెట్లలో 8 చిన్న మోటార్లే కంపిస్తాయి. గొట్టాలు ఉండవు, ఇంట్లో తిరుగుతూనే వాడుకోవచ్చు. అయితే మోటార్లు, బ్యాటరీ బరువంతా భుజాల మీదే పడుతుంది. ఆ బరువును వెడల్పాటి పట్టీలతో నడుము దాకా పంచాలి.

అన్నిటికన్నా చిక్కు బిగువుతోనే. వదులైతే కంపనం లోపలికి చేరదు, బిగిస్తే నిండుగా ఊపిరి అందదు. కుట్లు చర్మానికి తగలకుండా లోపల పలుచని నూలు బనియను వేసుకుంటారు. పక్కటెముకలు విరిగినవారు వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు.