కోనలోకి ఏ కత్తి

గోనెపట్టా మీద ఆరు పనిముట్లు పరిచి ఉన్నాయి. వాటి ముందు మీరు గొంతుక్కూర్చున్నారు. నెరబైలు ఊరి చివర ఇంటి పంచ, పైన ఒక్క బల్బు. మాఘమాసపు చలి పాదాలకు తగులుతోంది. తలకోన కొండ చీకట్లో కనబడదు గానీ అటునుంచి వీచే గాలిలో ఎండిన బోదగడ్డి వాసన ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. రెండు రాత్రులు పైన బేస్ క్యాంపులోనే పడక. బియ్యం, కందిపప్పు, దుప్పటి, నీళ్లు అన్నీ మీ వీపు మీదే. ఆ బరువు మీద ఇంకెంత ఇనుము మోయగలరో ఇప్పుడే తేలాలి.

వేటగాళ్లు పన్నిన ఉచ్చుల్ని వెతికి తీసే గస్తీ ఇది. ముగ్గురు వాచర్లు, బీటు ఆఫీసరు, వాళ్ల వెంట మీరు. వాచర్లలో పెద్దాయన మీకెదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని, మీ చెయ్యి ముందు దేని మీదికి పోతుందా అని చూస్తున్నాడు.

అది వేటకొడవలి మీదికే పోతుంది. చేతికి తీసుకోగానే బరువంతా కొసవైపు లాగుతుంది. వంపు దగ్గర అంచు బల్బు వెలుగులో తెల్లగా మెరుస్తుంది.

“దాన్ని ఆడనే పెట్టు సామీ,” అంటాడు పెద్దాయన. “అది జాతరలో పొట్టేలు మెడకు. అడివిలో దానికేం పనుండాది?”

నిజమే. ఆ బరువు ఒక్క వేటుకోసం చేసింది. కలేకంపలో, ఈతపొదల్లో అంత చెయ్యి విసిరే చోటుండదు. విసిరినా వంపు తీగకు తగులుకుని మణికట్టు మెలితిరుగుతుంది. బండల మీద కాలు జారితే మీరు పడేది దానిమీదే.

దాని పక్కన గొడ్డలి. దాన్ని మీరు తాకకముందే బీటు ఆఫీసరు తీసి గోడకు చేరేస్తాడు. శేషాచలంలో భుజాన గొడ్డలితో కనబడిన మనిషిని ఎవరైనా ఎర్రచందనం కోసం వచ్చినవాడిగానే చూస్తారు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో జరిగిన కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఆ రోజు గురించి ఈ కొండకింద ఊళ్లలో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. అడవిలో మీ చేతిలో ఏముందన్నది దూరం నుంచి చూసేవాడికి మీకంటే ముందు కనబడుతుంది.

చట్టం కూడా ఇక్కడ సందు వదల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమంటే ఏమిటో చెప్పేచోట తుపాకులు, విల్లంబులు, ఉచ్చులు, విషంతో పాటు కత్తుల్నీ పేరుపెట్టి రాసింది. తలకోన 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అందులో అడుగుపెట్టకూడదు. కూరగాయలు తరిగేదే కదా అని చాకు సంచిలో వేసుకుని సొంతంగా కోనల్లోకి ట్రెక్కింగ్ పోయే కుర్రవాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. మీ పేరు అనుమతి కాగితంలో ఉంది. తీసుకుపోయే పనిముట్లు కూడా రిజిస్టరులో ఎక్కుతాయి.

మూడోది మీరు తెచ్చుకున్నది: మడతచాకు. రంపం, సీసామూత తీసేది, చిన్న దిక్సూచి, అన్నీ అందులోనే. పెద్దాయన దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మడత దగ్గర బొటనవేలితో పక్కకు నొక్కుతాడు. కత్తి కొద్దిగా ఊగుతుంది. ఏమీ అనకుండా మీ చేతిలో పెట్టేస్తాడు. మడతలో ఇసుక చేరితే అది సగంలోనే నిలబడిపోతుంది. గట్టిగా నొక్కితే వేళ్ల మీదికే మూసుకుంటుంది. ఆస్పత్రికి సగంరోజు నడక ఉన్నచోట అలాంటిదాన్ని నమ్ముకోలేం.

ఒకప్పుడు ఇవే కొండల్లోకి వచ్చేవాళ్లు కత్తుల్ని వేరే లెక్కన ఏరుకునేవారు. బెంగళూరు నుంచి వచ్చి ఈ చామల లోయలో, మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్, 1954లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో చామల లోయ పులి గురించి రాశాడు. ఆ కాలపు షికారీకి తుపాకీ తర్వాత ముఖ్యమైంది తోలు ఒలిచే కత్తి. మన ఎండకు చచ్చిన జంతువు తోలు త్వరగా కుళ్లి వెంట్రుక ఊడిపోతుంది. అందుకని తోలుకు గుండ్రటి అంచున్న పలచటి కత్తి ఒకటి, కీళ్ల సందుల్లోకి దూరే సన్నది ఒకటి, ఎముక కొట్టడానికి బరువైంది ఒకటి ఉండాలి. ఇవాళ లైసెన్సు మీద అలాస్కాలో వేటకు పోయేవాళ్లదీ దాదాపు ఇదే లెక్క. కొందరు సానరాయి మోయడం మానేసి, బ్లేడు మార్చుకునే చాకులు పెట్టుకుంటున్నారు. వాళ్లకు కత్తి పని జంతువు పడ్డాక మొదలవుతుంది. మన గస్తీలో జంతువు మీద కత్తి పడే అవసరమే రాకూడదు. ఆ మాట మనసులో పెట్టుకుని చూస్తే గోనెపట్టా మీద మిగిలేవి మూడే.

మచ్చుకత్తిని పెద్దాయనే తీసి మీకు అందిస్తాడు. లారీ కమాన్ పట్టా ముక్కను కొలిమిలో కాల్చి సాగగొట్టినది. వెన్ను మీద సమ్మెట దెబ్బల గుంటలు ఇంకా వేలికి తగులుతాయి. వెన్ను మందం, అంచువైపు పోయేకొద్దీ పలచన. కొస లోపలికి కొంచెమే వంగింది, కంపను దగ్గరికి లాక్కోవడానికి సరిపోయేంత. చింతకర్ర పిడి చెమటకు నల్లబడి నున్నగా ఉంది. పిడి మొదట్లో ఇనుప పొన్ను. పొన్ను దగ్గర పట్టుకుని కొసను గోటితో కొట్టమంటాడు. ఖణేల్‌మంటే మంచిది. గరగరలాడితే పిడిలోపల తోక వదులైందన్నమాట, అది ఊడి ముందు నడిచేవాడి వీపుకు తగులుతుంది. ఇది ఖణేల్‌మంది. కానీ అంచు నడిమధ్యన రెండు పళ్లు ఊడిన గుర్తులున్నాయి, జొన్నగింజ పట్టేంత లోతున.

“అదేంటన్నా?”

“ఉచ్చుకు కట్టిన క్లచ్చి వైరు. తెగుతుందేమోనని కొట్నా. కత్తి పళ్లూడె గానీ వైరు తెగలా.”

అందుకే ఆరోది, మీరు కత్తుల్లో లెక్కే వెయ్యనిది, రబ్బరు పిడుల కటింగ్ ప్లేయరు. కూర తరగడానికి, గుడ్డ చించి కట్టు కట్టడానికి, కాల్లో ముల్లు తీయడానికి ఐదోదైన మడతలేని చిన్న చాకు ఒకటి. కంప కొట్టడానికి ఐదుగురికీ కలిపి మచ్చుకత్తి ఒకటే. దాన్ని ముందు నడిచేవాడే పట్టుకోవాలి, మిగతావాళ్లు నాలుగడుగుల వెనక. ప్లేయర్లు మాత్రం రెండు, ఇద్దరి సంచుల్లో. ఒకటి కోనలో జారిపోయినా రెండోది ఉండాలి.

ఎండ ఎక్కేసరికి మీరు కోన లోపల ఉంటారు. ఒకవైపు నిట్టనిలువు బండ, రెండోవైపు వాగు. వాగులో నీళ్లు గుంటలుగా మిగిలాయి. గుంటవైపు దిగే సన్నటి జాడలో కణితి గిట్టల గుర్తులు. పెద్దాయన చెయ్యెత్తుతాడు, అందరూ ఆగుతారు. మీకేమీ కనబడదు. ఆయన వేలు చూపించినచోట జాడకు రెండువైపులా కంప నరికి నిలబెట్టి ఉంది, మధ్యలో మనిషి పట్టేంత సందు. ఆ సందులో, మీ మోకాలికి కాస్త పైన, గాలిలో ఒక గుండ్రటి గీత. బూడిదరంగు తీగ, మెరుపు పోవడానికి నిప్పుల్లో కాల్చారు. పంది మెడ ఎత్తుకు సరిగ్గా కొలిచి పెట్టింది. ఈ దారిన కొండగొర్రె వస్తే కొండగొర్రె, చిరుత వస్తే చిరుత పడుతుంది. ముందుకు గుంజినకొద్దీ బిగుస్తుంది, వెనక్కి వదలదు.

వంగకండి. ముందు చుట్టూ చూడాలి. దగ్గర్లో కరెంటు లైను ఉండి, తీగ కర్రముక్కల మీద ఎత్తి నేలవెంట పోతుంటే దాన్ని ఏ ప్లేయరుతోనూ తాకకూడదు. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపాలి. ఆకుల మధ్య పిండితోనో పేగుతోనో చుట్టిన ఉండ కనబడితే అది పందికోసం పెట్టిన నాటుబాంబు కావచ్చు, కత్తికొసతో కదిలించినా పేలుతుంది. మేతకెళ్లిన ఆవులు నోళ్లు పగలగొట్టుకునేది వాటివల్లే. ఇక ఉచ్చులో ప్రాణంతో జంతువే ఉంటే, కత్తి చేతిలో ఉందని ధైర్యం చేయకూడదు. వెనక్కి తగ్గి, చప్పుడు లేకుండా కూర్చుని, తిరుపతి నుంచి డాక్టరూ మత్తు తుపాకీ వచ్చేదాకా కాచుకోవాలి. ఆ గంటలు భరించడం కష్టం. చాకుతో దగ్గరికి పోయి తెగ్గొడదామనే ఆత్రంలో మనిషీ జంతువూ ఇద్దరూ చెడతారు.

ఇక్కడ అవేవీ లేవు. బీటు ఆఫీసరు ఫొటో తీసి, చోటు రాసుకుంటాడు. మన చట్టంలో జంతువు పడకపోయినా ఉచ్చు పన్నితే అది వేటే, కాబట్టి ఈ తీగ సాక్ష్యం. ప్లేయరు నోట్లో తీగ పెట్టి మీరు నొక్కుతారు. పోగులు ఒక్కొక్కటిగా టిక్, టిక్‌మని తెగుతాయి. రెండు చేతులూ వెయ్యాల్సి వస్తుంది. ఆఖరి పోగు తెగగానే గుండ్రం విచ్చుకుని పక్కకు పడుతుంది. కట్టిన చెట్టు దగ్గర ముడి కూడా వదలకూడదు, మిగిలిన మూర తీగతో ఇంకో ఉచ్చు తయారవుతుంది. ముడి విప్పి, సంచిలో వేస్తారు. పెద్దాయన మచ్చుకత్తితో అడ్డుపెట్టిన కంపను రెండు దెబ్బల్లో లాగేసి దారి వెడల్పు చేస్తాడు.

తర్వాత ఆయన చెట్టు మొదలు దగ్గర కూర్చుని బెరడు మీద వేలు పెట్టి చూపిస్తాడు. తీగ ఒరుసుకున్న గాట్లు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి మూడు. కిందివి మానిపోయి జిగురు గట్టిపడింది, పైది పచ్చిగా ఉంది.

“మళ్లా ఈడనే కడతారు సామీ. ఎల్లుండి దిగేటప్పుడు ఈ దోవనే దిగుదాం.”

బీటు ఆఫీసరు ఆ మాట కూడా రాసుకుంటాడు. మీరు ప్లేయరును పైజేబులోకి మార్చుకుని, వాగు అవతలి గట్టున రెండో జాడ పట్టుకుంటారు.