ముషిణి గింజ చూపిన సేతువు



నర్సీపట్నమునుండి చింతపల్లి కొండలకు పోవు అడవులలో ముషిణి చెట్టు నెఱుగనివారు మనలో అరుదు. దానిని కొందఱు ముషిడి యనియు, ముష్టి యనియు నందురు. వైద్యగ్రంథములు విషముష్టి యనియు, కారస్కర మనియు పేర్కొన్నవి. పండు నారింజవన్నె గలది. దాని గుజ్జులోని గింజలు బొత్తాములవలె చదునై, బూడిదరంగు నూగుతో పట్టువలె మెఱయుచుండును. చేదునకు మేర లేదు. ఆ గింజ విషమని చెప్పుటకు నేను రాలేదు; అది మీ రెఱిగినదే. ఆ విషమే మానవుని మెదడునందును, వెన్నుపామునందును దాగియున్న యొక మాంసకృత్తును శాస్త్రజ్ఞుల చేతికి పట్టియిచ్చినది. ఆ వృత్తాంతము చెప్పెదను.

ముషిణి విషము తలకెక్కినవానికి తెలివి తప్పదు, అదియే ఘోరము. చిన్న చప్పుడైనను, ఎవరేని తాకినను, దేహమంతయు బిగిసి వీపు విల్లువలె వంగును. ధనుర్వాతమునకు ఆ పేరు వచ్చుటయు ఈ లక్షణముచేతనే. మన వైద్యులు ఈ గింజను గోమూత్రముతోను, ఆవుపాలతోను శుద్ధిచేసి, వాతరోగములకు మితముగా వాడిరి. అగ్నితుండివటిలో నిది చేరును. శుద్ధి యెఱుగనివాడు ఇంటివైద్యమునకు దీనిని తాకరాదు. చిత్రమేమనగా, బురదనీటిని తేర్చు చిల్లగింజయు ఈ కుటుంబమునదే. ఒక తోబుట్టువు నీటిని తేటపఱచును, రెండవది ప్రాణము తీయును.

సముద్రము దాటి ఐరోపాకు పోయిన ముషిణి గింజలను 17వ శతాబ్దమున ఇంగ్లండువారు కుక్కలను, కాకులను చంపుటకు వాడిరి. 1809లో ఫ్రాన్సు దేశీయుడగు మజెండీ, జావా ద్వీపవాసులు బాణములకు పూయు విషమును పరీక్షించెను. అదియు ముషిణి జాతి తీగనుండి తీసినదే. ఆ విషము పనిచేయు చోటు వెన్నుపామని ఆయన చూపెను. 1818లో పారిసునందు పెల్లెటియే, కవెంటూ అను నిరువురు ఈ జాతి గింజలనుండి అసలు విషమును వేఱుచేసి, స్ట్రిక్నీను అని పేరిడిరి.

అది దేహము నెట్లు బిగించునో తెలియుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టినది. అది నరములను రెచ్చగొట్టు మందని తలచి, బలము కొఱకు దానిని ఇచ్చిన వైద్యులును కలరు. 1950కి తరువాతి యేండ్లలో ఆస్ట్రేలియాయందు జాన్ ఎకిల్స్, ఆయన సహచరులు అసలు సంగతి బయటపెట్టిరి. ఎద్దునకు ములుకోల యొకటి, ముకుత్రాడొకటి యున్నట్లు, మన నరములలో ముందుకు తోలు సంకేతములు కొన్ని, ఆపు సంకేతములు కొన్ని. ముషిణి విషము ములుకోలతో పొడవదు, ముకుత్రాటిని తెంచును. ఎకిల్సునకు 1963లో నోబెలు బహుమానము లభించినది.

ఆపు సంకేతమును మోయు పదార్థములు ముఖ్యముగా రెండు. మెదడులో విస్తారముగా పనిచేయు గాబా యనునది 1950లో అచట కనుగొనబడెను. వెన్నుపాములో ఎక్కువగా పనిచేయునది గ్లైసీను. మనము తిను పప్పులోను, చేపలోను ఉండు అతిచిన్న అమైనో ఆమ్లమే యిది. ఒక నరకణము దీనిని విడువగా, ఎదుటి కణముమీది గ్రాహకమను ద్వారము తెఱచుకొని, ఆ కణము శాంతించును. ముషిణి విషము ఆ ద్వారమున కడ్డుపడి కూర్చుండును. ధనుర్వాతపు విషమో, ఆపు పదార్థమును అసలు విడువనీయదు. రెంటికిని ఫలము వంగిన విల్లే.

ఇక మన కథలోని మలుపు. ద్వారమున అంత గట్టిగా పట్టుకొను విషమును గాలముగా వాడరాదా? 1982లో జర్మనీలో హైన్రిఖ్ బెట్జ్ బృందమువారు స్ట్రిక్నీనును పోలిన పదార్థమును సన్నని పూసలకు అంటించి, గొట్టములో నింపి, ఎలుక వెన్నుపాము రసమును దానిగుండా పోసిరి. గ్రాహకము విషమునకు తగులుకొని నిలిచినది. పిదప గ్లైసీను నీటిని పోయగా అది విడివడి వచ్చినది. ఐతే గ్రాహకముతోపాటు, పెండ్లివారివెంట పిలువని చుట్టమువలె, 93,000 అణుభారము గల మఱియొక మాంసకృత్తు బయటపడెను.

ఆ చుట్టమే ఇంటికి స్తంభమని తరువాత తెలిసినది. అది కణము లోపలనుండి గ్రాహకములను పట్టి, సంకేతము వచ్చు చోటనే గుంపుగా నిలిపియుంచును. పలుపులకు గుంజ యెట్టిదో గ్రాహకములకు అది యట్టిది. 1992 నాటికి దానికి గెఫిరిను అను పేరు స్థిరపడెను. గ్రీకు భాషలో సేతువని యర్థము. పండితుడను గనుక ఇచట ఒక్క క్షణము ఆగెదను. మన సేతుశబ్దము కట్టుట యను నర్థము గల ధాతువునుండి పుట్టినది. వంతెనయు సేతువే, నీటి నాపు గట్టును సేతువే. ఆ గ్రీకు పదమునకును ప్రాచీనకావ్యములలో గట్టు అను నర్థము కలదు. ఆపుపనికి ఆధారమైన వస్తువునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

గాబా గ్రాహకములలో పెక్కింటిని నిలుపునదియు గెఫిరినే. 1999లో గాబా గ్రాహకమును అంటుకొను 117 అమైనో ఆమ్లముల చిన్న మాంసకృత్తు వేఱొకటి దొరకినది. కాని గుంజపని ముఖ్యముగా గెఫిరినుదే.

దీనికి రెండవ వృత్తియు కలదు. మాలిబ్డినమను లోహమును దేహము వాడుకొను రూపమునకు తెచ్చుట దాని పని. మన చేలలోని మొక్కలలోను ఇట్టి మాంసకృత్తున్నది; అది లేనిచో అవి నేలలోని నైట్రేటును వాడుకొనలేవు. 1998లో గెఫిరిను లేకుండ పుట్టించిన చుంచుపిల్లలు, తాకగానే ముషిణి తిన్నట్లు బిగిసి, ఒక్క దినములోపల చనిపోయినవి.

మనుష్యులలోను, బహు అరుదుగా, ఈ లోపముతో శిశువులు పుట్టుచున్నారని 2001లో వెల్లడియైనది. పుట్టిన కొలది దినములకే మూర్ఛలు వచ్చును. మాలిబ్డినపు లోపములలో ఒక రకమునకు 2021లో అమెరికాయందు మందు ఆమోదింపబడినది. గెఫిరిను లోపించిన శిశువులకు ఆ మందు పనిచేయదు.