హనుమనహళ్ళిలో మిగిలిన గుహ

2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని హౌ గుహలో తీసిన ఫోటోల్లో గబ్బిలాల మూతుల మీద తెల్లటి బూజు కనిపించింది. చలికాలమంతా ఒంట్లోని కొవ్వు మీదే బతుకుతూ నిద్రపోయే జీవాలవి. చర్మానికి పట్టిన బూజు వాటిని మాటిమాటికీ లేపింది. లేచినప్పుడల్లా కొవ్వు కరిగింది. పురుగన్నది దొరకని ఆ మంచులో ఆకలితో రాలిపోయాయి. పదేళ్లు నిండకముందే అక్కడి మూడు జాతుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. ఇప్పుడు శాస్త్రజ్ఞులు చలికాలంలో గుహలకు వెళ్లి మిగిలినవాటిని లెక్కపెడతారు, ముక్కుల మీద, రెక్కల మీద దూదిపుల్లతో అద్ది పరీక్షకు పంపుతారు.

ఆ బూజుకు చలి కావాలి. వేడి 20 డిగ్రీలు దాటితే పెరగలేదు. మన తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఎండల్లో దాని భయం లేనట్టే. కానీ ఇలాంటి రాతిగుట్టల నేలే అయిన కర్ణాటక కోలార్ జిల్లాలో, తెలుగు ఇళ్లలో వినిపించే చోట, ఏ బూజూ రాకుండానే ఒక జాతి కూలిపోయింది.

కోలార్ ఆకుముక్కు గబ్బిలం. 1994లో శాస్త్రం దానికి పేరు పెట్టింది. తేరహళ్ళి, హనుమనహళ్ళి గుహల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది దొరకలేదు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి భార్గవి శ్రీనివాసులు, చేల్మల శ్రీనివాసులు బృందం వెతుక్కుంటూ వెళ్లేసరికి తేరహళ్ళిలో ఒక్కటీ లేదు. హనుమనహళ్ళిలో ఒకే గుహ మిగిలింది, అందులో రెండువందలకు లోపు ప్రాణాలు. అప్పుడు చుట్టూ గ్రానైటు తవ్వకాలు. 2016లో ఐయూసీఎన్ ఎర్రజాబితా ఆ జాతిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటిలో చేర్చింది.

నన్ను తెల్లబూజు కన్నా ఇదే ఎక్కువ కుదిపేస్తుంది. బూజును ఎవరూ కోరి తెచ్చుకోలేదు. గుట్టకు డ్రిల్లు పట్టించింది మాత్రం మనం, మన గడపలకూ వంటగట్లకూ నున్నటి రాయి కావాలని. పగలంతా చీకట్లో వేలాడే జీవానికి పేలుడు అదిరింపు ఎలా తగులుతుందో అడిగినవాళ్లు తక్కువ.

ఆకుముక్కు కుటుంబపు గబ్బిలాలు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. పోయినవాటి స్థానం నిండాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఆ గుహ కప్పు నిలవాలి. అది కూలితే ఈ జాతికి పోదామన్నా పక్కన రెండో గుహ లేదు.