అసలు ముందా, వడ్డీ ముందా? విశాఖలో ఇంటి అప్పు కథ

ఈ ఎపిసోడ్ ఒక కామెంట్ వల్ల పుట్టింది. గాజువాక నుంచి ఒక అమ్మాయి రాసింది. ఇద్దరు పిల్లలు, పాప థర్డ్ క్లాసు, బాబు ఎల్‌కేజీ. "అన్నా, ఫ్లాట్ కొని నాలుగేళ్లయింది. ఒక్క ఈఎమ్ఐ కూడా తప్పలేదు. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే అసలు రెండున్నర లక్షలు కూడా తగ్గలేదు. మా మావయ్యగారేమో డాక్‌యార్డ్‌లో ఉన్నప్పుడు ఆయన లోన్‌లో మొదటి నెల నుంచే అసలు తగ్గేదంటారు. ఇదేటన్నా? ఆయన మర్చిపోయి చెబుతున్నారా, బ్యాంకు మమ్మల్ని మోసం చేస్తోందా?"

ఆయన చెప్పింది నిజమే. బ్యాంకు మోసం చెయ్యట్లేదన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియాలంటే మన ఊళ్లో సొంతిల్లు ఎలా మొదలైందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

విశాఖలో పోర్టు మొదలైంది 1933లో. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డ్‌కి శంకుస్థాపన చేశారు. 1948లో నెహ్రూ ఇక్కడే 'జల ఉష' నౌకని నీళ్లలోకి వదిలారు. వీటితో పాటు రిఫైనరీ, నేవీ, రైల్వే వాల్తేరు డివిజన్, చివరికి ఉక్కు కర్మాగారం కూడా ఉన్నాయి. వీటన్నిటికీ కామన్‌గా ఉన్న విషయం ఒకటుంది, అదే క్వార్టర్స్. ఉద్యోగం ఇచ్చినవాళ్లే ఉండటానికి ఇల్లు కూడా ఇచ్చేవాళ్లు. అందుకే ఆ తరంలో చాలామంది ముప్పై ఏళ్లు కంపెనీ గోడల మధ్య బతికి, రిటైరయ్యాక చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో ఏ పెందుర్తి వైపో, కూర్మన్నపాలెం వైపో రెండు గదులు వేసుకునేవాళ్లు. ఇల్లు అనేది ఉద్యోగం చివర్లో వచ్చేది. ఇప్పుడు ముప్పై ఏళ్లకే, పిల్లలు బడిలో చేరకముందే ఇల్లు వస్తోంది. ఇల్లుతో పాటు ఇరవై ఏళ్ల అప్పు కూడా వస్తోంది. బడ్జెట్ బిగుసుకుపోతున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. స్కూలు ఫీజులూ ఈఎమ్ఐలూ ఒకే ఇరవై ఏళ్లలో పడుతున్నాయి. వెనకటి తరానికి అవి వేర్వేరు కాలాల్లో వచ్చేవి.

ఉక్కు కర్మాగారం కథలో ఇల్లు మొదటి నుంచీ ఉంది, అదీ పోయిన ఇల్లుగా. 1966 ఉద్యమం మీకు తెలుసు. అమృతరావు గారి నిరాహార దీక్ష, కాల్పులు, 32 మంది ప్రాణాలు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నుంచి అంకితం దాకా ఇరవై ఒక్క ఏళ్లు, అంటే సుమారుగా ఒక హోమ్ లోన్ అంత కాలం! ఈ ప్లాంటు కోసం అరవైకి పైగా గ్రామాల వాళ్లు భూములూ ఇళ్లూ ఇచ్చారు. వాళ్ల చేతికి 'ఆర్ కార్డు'లు వచ్చాయి. ఆ కార్డుతో ఉద్యోగం వచ్చిన ఇంట్లో ఫస్టు తారీఖు జీతమే కొత్త పొలం. రాని ఇంట్లో ఏం జరిగిందనేది వేరే ఎపిసోడ్ చెయ్యాల్సినంత కథ.

ఇప్పుడు మావయ్యగారి లోన్ దగ్గరికి వద్దాం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ అని ఒకటుంది. వాడుకలో హెచ్‌బీఏ అంటారు. ఈ స్కీము 1956లో వచ్చింది. నేవల్ డాక్‌యార్డ్‌లో సివిలియన్ ఉద్యోగులు, రైల్వే వాళ్లు ఉన్న మన ఊళ్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ అడ్వాన్స్ తీసుకుంటే ఇల్లు భారత రాష్ట్రపతి పేరిట తనఖాలో ఉంటుంది. నవ్వకండి, కాగితాల మీద నిజంగా అలాగే రాస్తారు. కానీ అసలు వింత తిరిగి కట్టే పద్ధతిలో ఉంది. మొదట 180 నెలల దాకా అసలు మాత్రమే కోస్తారు. అది పూర్తయ్యాక వడ్డీని ఇంకో 60 నెలల దాకా కోస్తారు. అది మామూలు వడ్డీ, చక్రవడ్డీ కాదు. మిగిలిన బాకీ మీదే లెక్క కడతారు.

2017 నవంబరులో ఈ నిబంధనలు సవరించి, 25 లక్షల దాకా, 8.5 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. ఆ అంకెలతోనే లెక్క చూద్దాం. మొదటి పదిహేనేళ్లు నెలకి సుమారు 13,900. తర్వాత ఐదేళ్లు వడ్డీ కింద నెలకి 26 వేల పైచిలుకు. మొత్తం దాదాపు 41 లక్షలు.

అదే 25 లక్షలు, అదే 8.5 శాతం, అదే ఇరవై ఏళ్లు, కానీ బ్యాంకులో. ఈఎమ్ఐ 21,696. మొత్తం కట్టేది 52 లక్షల పైన. రేటు ఒకటే, కాలం ఒకటే, తేడా మాత్రం 11 లక్షలు. ఎందుకంటే బ్యాంకు ప్రతి నెలా ముందు ఆ నెల వడ్డీ తీసుకుని, మిగిలింది అసలుకి జమ చేస్తుంది. మొదటి నెల వడ్డీ 17,708. మీ 21,696లో అసలుకి చేరేది 3,988 మాత్రమే. నాలుగేళ్లలో మీరు 10 లక్షల 41 వేలు కడతారు, అసలు తగ్గేది 2 లక్షల 27 వేలు. చెల్లెమ్మా, నీ స్టేట్‌మెంట్‌లో తప్పేమీ లేదు. అసలు కంటే వడ్డీ ముద్దు అని మన తాతలు మనవల గురించి అనేవాళ్లు, బ్యాంకు దాన్ని అక్షరాలా పాటిస్తోంది.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. హెచ్‌బీఏలో మొదటి పదిహేనేళ్లు కోత తక్కువ. పిల్లలు చిన్నవాళ్లుగా ఉండి, జీతం కూడా చిన్నదిగా ఉన్నప్పుడు ఇంటి మీద బరువు తక్కువగా పడేది. జీతం పెరిగాక పెద్ద కోత వచ్చేది. సంసారం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లెవరో రాసిన రూల్‌లా ఉంటుంది నాకైతే. బ్యాంకు ఈఎమ్ఐ మాత్రం మొదటి నెలా అంతే, చివరి నెలా అంతే.

మరి గవర్నమెంటు ఉద్యోగం లేనివాళ్ల సంగతేంటి? 1977లో హెచ్‌డీఎఫ్‌సీ పుట్టేదాకా మన దేశంలో మామూలు జీతగాడికి ఇంటి కోసమే ప్రత్యేకంగా అప్పిచ్చే పెద్ద ప్రైవేటు సంస్థ లేదు. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్, 1989లో ఎల్‌ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాయి. అప్పటిదాకా చీటీలు, పుస్తెలతాడు తాకట్టు, ఆఫీసు కోఆపరేటివ్ సొసైటీ, బావమరిది దగ్గర చేబదులు. చీటీ నడిపింది, పద్దులు రాసింది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. ఏ నెలలో చీటీ పాడాలి, స్కూళ్లు తెరిచే జూన్‌కి ఎంత పక్కన పెట్టాలి అన్న లెక్కలు ఆ పుస్తకాల్లో ఉండేవి. మా ఇంట్లో కూడా అలాంటి నోట్‌బుక్ ఒకటి ఉండేది. వెనక పేజీల్లో పాల లెక్క, ముందు పేజీల్లో చీటీ లెక్క.

1999 తర్వాత బడ్జెట్లలో ఇంటి వడ్డీ మీద పన్ను మినహాయింపు బాగా పెంచారు, వడ్డీ రేట్లు కూడా తగ్గాయి. అక్కడి నుంచే మధురవాడ వైపు, గాజువాక వైపు అపార్ట్‌మెంట్లు లేచాయి.

ఈ కొత్త లోన్లలో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటు. ఫ్లోటింగ్ అంటే ఏమిటో 2022లో చాలామందికి మొదటిసారి తెలిసింది. కరోనా టైంలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 శాతానికి దించింది. హోమ్ లోన్లు 7 శాతం దగ్గరికి వచ్చేశాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్యలో రెపో 4 నుంచి 6.5కి ఎక్కింది. 7 శాతానికి 25 లక్షలు తీసుకున్నవాళ్ల ఈఎమ్ఐ 19,382. రేటు 9.5 అయ్యేసరికి మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకి నెల వడ్డీయే 19,400 దాటింది. అంటే ఈఎమ్ఐ మొత్తం కట్టినా వడ్డీకే చాలదు, అసలు పైసా తగ్గదు. చాలా బ్యాంకులు ఈఎమ్ఐ మార్చకుండా కాలాన్ని పొడిగించాయి. జేబులో నొప్పి తెలియదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ల అప్పు ఎప్పుడు పాతికేళ్లు దాటిందో చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

దీని మీద 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారితే మీకు చెప్పాలి. ఈఎమ్ఐ పెంచాలా, కాలం పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అనేది ఎంచుకునే అవకాశం మీకివ్వాలి. కాలం పొడిగించినా వడ్డీ కూడా చాలని పరిస్థితి రాకూడదు. అంతకన్నా ముందు, 2012 జూన్‌లో, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ని ముందే తీర్చేస్తే బ్యాంకులు పెనాల్టీ వెయ్యకూడదని చెప్పింది. అప్పటిదాకా అప్పు తీరుస్తానన్నా జరిమానా పడేది! మన కథలో ఆ రూల్ చిన్నది కాదు. మావయ్యగారికి సర్కారు ఇచ్చిన 'అసలు ముందు' పద్ధతిని మనం సొంతంగా, కొంచెమైనా తెచ్చుకునే దారి అక్కడే తెరుచుకుంది.

ఎలాగంటే, పై 25 లక్షల లోన్‌లో రేటు మారదనుకుందాం. నెలకి 2,000 ఎక్కువ కడితే 240 నెలలది 195 నెలల్లో తీరిపోతుంది. కట్టే మొత్తంలో దాదాపు 5 లక్షల 90 వేలు మిగులుతుంది. అదే కుదరక, ఏడాది చివర బోనస్ వచ్చినప్పుడు ఒక్కసారి 50,000 కట్టారనుకోండి. మొదటి ఏడాది చివర కడితే చివర్లో 11 ఈఎమ్ఐలు తప్పుతాయి. అదే యాభై వేలు పదిహేనో ఏడాది చివర కడితే తప్పేది మూడున్నరే. 'కాలం తగ్గించండి' అని స్పష్టంగా అడగండి, లేకపోతే ఈఎమ్ఐ తగ్గించేసే అవకాశం ఉంది.

"రెండు వేలు ఎక్కడివన్నా?" అంటారు, తెలుసు. ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇద్దరి సంపాదన కలిపి 48,000. ఈఎమ్ఐ పోగా 26,304. సరుకులు, పాలు, కూరలు, గ్యాస్ కలిపి 10,500. స్కూలు ఫీజు నెలవారీగా చూస్తే, ఆటోతో సహా 6,000. కరెంటు, ఫోన్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,000. పెట్రోలు 2,500. మందులు 1,500. మిగిలేది 2,800. ఇందులో సంక్రాంతి ఉంది, ఊళ్లో పెళ్లి ఉంది, పాపకి జ్వరం ఉంది. కాబట్టి నెలనెలా రెండు వేలు అని నేను ఒట్టి మాట చెప్పను. రైతు బజారుకి వెళ్తే కూరల్లో కొంత మిగులుతుంది, 1999 నుంచి మన ఊరి అమ్మలు చేస్తున్నదే అది. కానీ కొత్తిమీర కట్ట దగ్గర మిగిల్చి హోమ్ లోన్ తీర్చినవాళ్లు లేరు.

టైట్ బడ్జెట్ ఇంటికి నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో 6.5 నుంచి 5.5కి తగ్గింది. లోన్ రెపోకి లింక్ అయి ఉంటే మీ రేటూ తగ్గి ఉండాలి. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ లోన్లు ఇలాంటి బయటి రేటుకే లింక్ అయి ఉంటాయి. పాత లోన్ అయితే బ్యాంకుకి వెళ్లి మార్పించుకోవాలి. రేటు తగ్గినప్పుడు ఈఎమ్ఐ తగ్గించమని అడక్కండి, అలాగే ఉంచేయండి. ఆ తేడా మొత్తం అసలుకి వెళ్తుంది. ఆ ఈఎమ్ఐకి మీ ఇల్లు ఇప్పటికే అలవాటు పడి ఉంది కాబట్టి వంటింట్లో ఒక్క రూపాయి కూడా కొయ్యక్కర్లేదు. అలాగే బాబుకి ఆటో మానిపించి సైకిల్ కొన్న ఏడాది, ఆ ఆటో డబ్బు వేరే ఖర్చులో కలిసిపోకముందే లోన్‌కి పంపండి.

ఒక్క విషయంలో మాత్రం నేను వెనకడుగు వేస్తాను. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మాలని నిర్ణయించింది. 2024లో అక్కడి ఉద్యోగులకి జీతాలు ఆలస్యంగా, విడతలుగా వచ్చాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. జీతం విడతల్లో వచ్చినా ఈఎమ్ఐ మాత్రం ఐదో తారీఖున ఒకేసారి కట్ అవుతుంది. మావయ్యగారి కాలంలో కోత జీతంలోంచే జరిగేది కాబట్టి అప్పూ జీతమూ ఒకే చేతిలో ఉండేవి. ఇప్పుడు ఇచ్చేది ఒకరు, కోసేది ఒకరు. లోన్‌లో ముందుగా కట్టేసిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. అందుకే ముందు కనీసం మూడు ఈఎమ్ఐలంత డబ్బు విడిగా ఒక అకౌంట్‌లో ఉండాలి, పార్ట్ పేమెంట్ ఆ తర్వాతే. "వడ్డీ దండగ కదా" అంటారు కొందరు. 2024లో గాజువాకలో జీతం కోసం ఎదురుచూసిన ఇంటిని అడగండి, దండగో కాదో వాళ్లు చెబుతారు.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకి ఇంకో ముక్క మిగిలింది. బ్యాంకు యాప్‌లో లోన్ సెక్షన్ తెరువు. మిగిలిన నెలలు ఎన్ని ఉన్నాయో చూడు. ఇరవై ఏళ్లకి తీసుకుని నాలుగేళ్లు కట్టావు కాబట్టి అక్కడ 192 ఉండాలి. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఆ స్క్రీన్‌షాట్ తీసి, 2023 సర్క్యులర్ ప్రకారం నా ఆప్షన్ ఏమిటో చెప్పండని బ్రాంచ్‌కి ఈమెయిల్ పెట్టు. వాళ్ల జవాబు కింద కామెంట్‌లో రాయి. ఉంటానండి.